డిక్కీలో టకటక

నందిగామ దాటగానే కారు డిక్కీలో మళ్ళీ టకటక మొదలైంది. స్టెప్నీ తీసా, జాకీ తీసా, అడుగునున్న కార్పెట్ కూడా పీకేసా. కంచికచర్ల మెకానిక్ ఎక్కి కూర్చున్నప్పుడు మాత్రం చప్పుడే రాదు. "మీ భ్రమేమోనండి" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

చివరికి డిక్కీ డోర్ లాక్ దగ్గర లూజుందని నేనే కనిపెట్టా. ఆ సందులో పెట్టడానికి చిన్న సైకిల్ ట్యూబు ముక్క కావాలి. జగ్గయ్యపేటలో మూడు పంచర్ షాపులు తిరిగితే ఒకచోట దొరికింది.

ఆ రబ్బరు వాసనకి నాన్న గుర్తొచ్చాడు. ట్యూబు ముక్క లేని ఇల్లు ఉండేదా మన చిన్నప్పుడు? కారే కుళాయికి అదే, సైకిల్ క్యారేజీ మీద మూట కట్టడానికీ అదే. నాన్న టాక్సీ డిక్కీ కూడా ఇలాగే కొట్టుకునేది. ఆయన ముక్క పెట్టేవాడు, రెండో రోజుకి మాయం. మళ్ళీ పెడితే మళ్ళీ మాయం. తిట్లు మాత్రం పిల్లలకి.

ఓ రోజు పోపుల డబ్బా వెనక నాలుగు ముక్కలు బయటపడ్డాయి. అమ్మ తడుముకోలేదు. "మీ బండి చప్పుడు వీధి మలుపులో వినపడితేనే కదా నేను పెనం మీద అట్టు పోసేది. చల్లారిపోతే మళ్ళీ మీరే విసుక్కుంటారు" అంది. నాన్న ఆ తర్వాత ముక్క పెట్టలేదు.

ఇవాళ నేను పెట్టా. టకటక ఆగిపోయింది. ఇంటికొచ్చి, నెల రోజుల చప్పుడు పోయిందని మా ఆవిడకి చెప్పా.

"ఏం చప్పుడు?" అంది.