చిన్నాయన హలో అన్న రోజు

మా చిన్నాయన గురువారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు రాయచోటిలోని తన ఇంట్లో చనిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి దహనం అయిపోయింది. ఆయన కూతురు, నాకు చెల్లెలు, నన్ను పక్కకు పిలిచి ఒక మాట అడిగింది.

ఆయన కువైట్‌లో పదకొండేళ్లు ఒక ఇటాలియన్ ఇంజనీరు ఇంట్లో వంట చేశాడు. ఇల్లు అర్దియాలో. ఇంజనీరు భాషలో ఆయనకు వచ్చింది ఒక్కటే మాట, ప్రొంతో. దాని అర్థం సిద్ధం అని. ఇటలీలో ఫోనెత్తినా అదే అంటారు. చిన్నాయన ఆ మాటను అంతటితో వదల్లేదు. కంచాలు బల్లమీద పెట్టి ప్రొంతో అనేవాడు. బయట కారు హారన్ కొడితే చెప్పులు వేసుకుంటూ అదే కేక. సాగదీసి ప్రశ్నలా అంటే, బయల్దేరదామా సార్ అని. నన్ను తొందరపెట్టడానికి, "ప్రొంతో, ప్రొంతో, యల్లా!" ఒకసారి చిన్నాయన వేలు తెగితే, తమ దేశంలో ఆస్పత్రి అత్యవసర విభాగం బోర్డు మీద కూడా ఈ మాట ఉంటుందని ఇంజనీరు చెప్పాడట. "ఉండల్ల గదరా! రోగమొచ్చినాక సిద్ధమైతే ఏం లాభం?" అన్నాడు నాతో.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. నేనూ అప్పుడు అక్కడే, దజీజ్‌లో ఒక గోడౌన్‌లో పనిచేసేవాణ్ణి, దాన్ని లూటీ చేశారు. నేను చిన్నాయన దగ్గరికి చేరాను. మా ఇండియా వాళ్లను సైనికులు పట్టించుకోలేదు. పాశ్చాత్యులను మాత్రం పట్టుకుపోతున్నారు. వాళ్లను దాచినవారికి మరణశిక్ష అన్నారు. ఇంజనీరు మా పెరటి గోడ అవతల, యజమానులు వదిలివెళ్లిన ఇంట్లో దాక్కున్నాడు. ఖాళీ ఇంట్లో పొయ్యి వెలిగితే వాసన వీధిలోకి వస్తుంది. అందుకని రోజూ మధ్యాహ్నం నాలుగింటికి అక్కడి నుంచి ఫోన్ చేసేవాడు. ఊళ్లో లైన్లు ఇంకా పనిచేస్తున్నాయి. చిన్నాయన ప్రొంతో అనగానే పెట్టేసి, గోడ దాటి వంటింటి తలుపులోంచి వచ్చి తిని వెళ్లేవాడు.

ఇంట్లో సైనికులుంటే ఏం చెప్పాలో మేం ముగ్గురం అనుకోలేదు. ఆ ఒక్కటి మరిచిపోయాం.

ఒకరోజు మూడున్నరకు ముగ్గురు సైనికులు వచ్చారు. ఇల్లెవరిదని అడిగారు. నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ సౌదీ పోయాడు, నేను కాపలా అన్నాడు చిన్నాయన. ఇద్దరు పై గదులు వెతుకుతున్నారు. మూడోవాడు ఫోన్ పక్కన కుర్చీలో కూర్చుని టీ అడిగాడు. గోడ గడియారం నాకు కనిపిస్తోంది. వంటింటి తలుపు గడియ తీసే ఉంది. వేద్దామని లేచాను. "కూర్చో" అన్నాడు సైనికుడు.

నాలుగింటికి ఫోన్ మోగింది.

ఎత్తకపోతే వాడు ఎత్తుతాడు. ఎత్తి రోజూ అనే మాట అంటే ఇంజనీరు పది నిమిషాల్లో ఈ గదిలో ఉంటాడు. సైనికుడు తుపాకీ గొట్టంతో ఫోన్ చూపించాడు. చిన్నాయన చేతిలో టీ గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టి, చేయి లుంగీకి తుడుచుకుని ఎత్తాడు.

"హలో. ఎవురూ... వదినా! ఈపొద్దు రావాకు తల్లీ. సుట్టాలొచ్చినారు."

ఇంజనీరుకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఎవరని సైనికుడు అడిగితే, మా వదిన, గోధుమపిండి అడుగుతోందని చిన్నాయన అరబ్బీలో చెప్పాడు. "అందరికీ పిండే కావాలి" అని వాడు నవ్వాడు. నేను తలుపు పిడినే చూస్తున్నాను. నాలుగూ పది అయింది. నాలుగూ ఇరవై. పిడి కదల్లేదు. వాళ్లు టేప్‌రికార్డరు, బియ్యం బస్తా తీసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు కూరలో చిన్నాయన ఉప్పు రెండుసార్లు వేశాడు. ఇద్దరం అలాగే తిన్నాం.

మర్నాడు నాలుగింటికి మోగింది. "ప్రొంతో" అన్నాడు. ఇంజనీరు వచ్చాడు. హలో వినగానే మిద్దెమీది ఖాళీ నీళ్ల తొట్టిలో దూరి, తెల్లారేదాకా అందులోనే ఉన్నానన్నాడు. ఎండకు కాగిన తొట్టి తగిలి మోచేతులు బొబ్బలెక్కాయి.

సెప్టెంబరులో నేను అమ్మాన్‌కు పోయే బస్సెక్కాను. చిన్నాయన ఎక్కలేదు. "ఆయప్పకు అన్నం ఎవురు పెడతారురా? నువ్వు పో" అన్నాడు. నేను గట్టిగా అడగలేదు. నాకు పోవాలనే ఉంది. డిసెంబరులో విదేశీయులను వదిలేదాకా ఆయన అక్కడే వండిపెట్టాడు.

రాయచోటి వచ్చాక మళ్లీ ఎప్పుడూ ఆయన హలో అనలేదు. బ్యాంకు వాళ్లకైనా, రాంగ్ నంబరుకైనా ప్రొంతోనే. వంట మేస్త్రీ గనుక ఊళ్లో ప్రొంతో మేస్త్రీ అని పిలిచేవారు. ఆయనా నవ్వేవాడు. అయితే ఫోన్ మోగగానే ముందు పెరటి తలుపు వైపు చూసేవాడు. సెల్‌ఫోన్ జేబులో ఉన్నా అంతే. "ఇంకా ఏం భయం చిన్నాయనా?" అని అడిగాను ఒకసారి. "భయం నాక్కాదురా. ఆ పక్క వినేవానికి" అన్నాడు.

ఇంజనీరు ప్రతి శుక్రవారం మన టైము నాలుగింటికి ఫోన్ చేస్తాడు. ఇద్దరూ తిండి గురించి, మోకాళ్ల గురించి వచ్చీరాని అరబ్బీలో పది నిమిషాలు మాట్లాడుకునేవారు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. ఒంటరిగా ఉంటాడు.

చెల్లెలు అడిగింది ఇదే. "నేను హలో అంటే ఆయన బెదురుతాడు గదన్నా. ప్రొంతో అంటే నాయన ఉండాడనుకుంటాడు. ఏమనల్ల?" మళ్లీ తనే, "నువ్వే ఎత్తు" అంది.

చిన్నాయన ఫోన్ చార్జింగ్‌కు పెట్టి, వంటింటి కిటికీలో ఉంచింది. రేపు శుక్రవారం. నాలుగింటికి మోగుతుంది. మూడున్నరకల్లా నేను అక్కడ ఉంటాను.