హిల్డా ట్విగ్ పీకేసిన నీలి రేకలు

మా ఇంగ్లీషు పల్లెలో ఏటా జూన్‌లో ఊటబావికి పూల అలంకరణ చేస్తారు. పూర్వం కరువులో కూడా ఎండిపోకుండా నీళ్లిచ్చిన ఊటకు అది కృతజ్ఞత. పెద్ద చెక్క చట్రంలో తడి బంకమట్టి మెత్తి, దాని మీద పూరేకలు అద్ది, బైబిలు కథలోని ఒక బొమ్మను తీర్చి బావి దగ్గర నిలబెడతారు. ముప్పయ్యేళ్లకు పైగా ఆ పనికి పెద్ద హిల్డా ట్విగ్. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయింది, పెళ్లి చేసుకోలేదు. ఆమెకు ఆప్తురాలంటూ ఉన్నది పొరుగింటి నోరా ఫ్రిత్ ఒక్కతే.

హిల్డా నియమం ఒకటే. రేకలను కింది నుంచి పైకి, ఇంటికప్పుకు పెంకులు నేసినట్టు అద్దాలి. అలా అయితేనే వాననీరు జారిపోతుంది. ఎవరైనా తప్పుగా అద్దితే, వాళ్లు టీకి వెళ్లగానే ఊడదీసి తానే మళ్లీ అద్దేది. జనం నవ్వి ఊరుకునేవారు.

నోరా భర్త ఆర్నాల్డ్ చనిపోయిన ఏడాది గొర్రెల కాపరి బొమ్మను ఎంచుకున్నారు. ఆర్నాల్డ్ బతుకంతా గొర్రెలతోనే గడిచింది. అతను పెరట్లో పెంచిన నీలిపూలతో కాపరి అంగీని తానే అద్దుతానని నోరా అడిగి తీసుకుంది. కన్నీళ్ల మధ్య పైనుంచి కిందికి అద్దింది. టీ తాగి వచ్చేసరికి అంగీ ఉన్నచోట వట్టి మట్టి. రేకలన్నీ బకెట్లో ఉన్నాయి.

"ఏమే, నేను అద్దినవి ఏవి?"

"తలకిందులుగా అద్దావు. వానొస్తే నిలవవు. మళ్లీ నేను అద్దుతాలే."

"అవి ఆర్నాల్డ్ పూలే, హిల్డా."

"అయితే? వానకి ఆర్నాల్డ్ ఎవరో తెలుసా?"

నోరా ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ వారమే కుండపోతగా కురిసింది. పక్క ఊరి బొమ్మ చెదిరిపోయింది, మాది నిలిచింది. పని విషయంలో హిల్డా చెప్పిందే నిజమని ఒప్పుకోక తప్పదు. కానీ ఆ నిజాన్ని ఆమె ఊరందరి దగ్గరా చెప్పుకుని మురిసింది. మరుసటి ఏడు నోరా రాలేదు. ఆమె వెనకే మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే మానుకున్నారు.

కొన్నేళ్లకు కీళ్లవాతంతో వేళ్లు కొంకర్లు పోయాక, హిల్డా నోరా తలుపు తట్టింది. నేనప్పుడు నోరా వంటగదిలోనే కూర్చుని ఉన్నాను.

"ఈసారి నువ్వు అద్దవే. నేను ముట్టుకోను."

"వేళ్లు పోయాయి గనక ముట్టుకోనంటున్నావు."

"నువ్వూ రానంటే బావి బోసిగా ఉండిపోతుందే."

"ఉండనీ. కూర్చో, టీ తాగి వెళ్దువుగాని."

హిల్డా కూర్చోలేదు. ఆమె బతిమాలడం నేను విన్నాను గానీ, క్షమించమన్న మాట మాత్రం వినలేదు.

ఆ జూన్‌లో పాస్టరుగారు వట్టి రాళ్ల ముందే నిలబడి ఆశీర్వచనం చదివారు. నోరా వచ్చి బావికి అవతలి వైపు నిలబడింది. ప్రార్థన ముగిశాక హిల్డా ఆమె వైపు ఒక అడుగు వేసింది. నోరా గొడుగు విప్పుకుని ఇంటిదారి పట్టింది. వాన ఇంకా మొదలుకాలేదు.