ఒక్క రైట్ చెప్పి పొండి

“...అనకుండా బండి ఎట్టా తీయమంటావమ్మా, నువ్వే చెప్పు.”

“మీ బండి, మీ స్టీరింగు, మీ కాళ్ళు. మధ్యలో నేనేంటి బాబాయ్ గారూ. పెనం మీద దోసె ఉంది.”

“దోసె తిరగేసేలోపు అనెయ్యొచ్చు. ఒక్క మాట.”

“నిన్న చెప్పాగా.”

“నిన్నటిది నిన్నటితో సరి. నిన్నటి టిక్కెట్టు మీద ఇవాళ ఎక్కనిస్తారా ఏంటి?”

చంద్రకళ వెనక్కి తిరక్కుండానే అట్లకాడ గాల్లోకి ఎత్తి “రైట్” అంది. ఆమె టిఫిన్ కొట్టు ముందు ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చున్న తెల్ల కారు మెల్లగా కదిలి, తెనాలి గంగానమ్మపేట సందు మలుపులో బస్సు తిరిగినంత వెడల్పుగా తిరిగి, రోడ్డెక్కింది.

బసవేశ్వరరావుగారికి ఉన్న జబ్బు అది ఒక్కటే. ఎవరో ఒకరు “రైట్” అంటే తప్ప ఆయన బండి కదలదు. కారులో లోపమేమీ లేదు. తాళం తిప్పగానే స్టార్టవుతుంది. గేరు పడుతుంది. ఆయన కాలు మాత్రం క్లచ్చి మీంచి లేవదు. సర్వీసంతా ఆర్టీసీ బస్సు నడిపిన కాలు అది. ఒకరోజు రేపల్లె, ఒకరోజు బాపట్ల. వెనకనుంచి కండక్టరు గొంతు వినపడితేనే లేవడం దానికి అలవాటు. రిటైరయ్యాక ఆయన సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారు. కారుకి కండక్టరుండడన్న సంగతి కాలుకి ఎవరూ చెప్పలేదు.

ఆ వీధిలోకి నేను అద్దెకొచ్చిన మొదటి వారం, నోట్లో పళ్ళపుల్లతో గేటు దగ్గర నిలబడి ఉంటే ఆయన కారు నా ముందు ఆగింది.

“మాస్టారూ, ఒక్క రైట్ చెప్పి పొండి.”

కుడివైపు దారి ఎటు పోతుందని అడుగుతున్నారనుకుని “కుడివైపు కాలవండి” అన్నాను.

“కాలవ సంగతి నాకు తెలుసు. మీరు రైటనండి చాలు.”

అన్నాను. వెళ్ళిపోయారు. ఆ తర్వాత బడికి పోయే ప్రతి పొద్దునా నాకదొక డ్యూటీ అయింది. నేను లేకపోతే పాలమనిషి, ఆమె లేకపోతే చంద్రకళ. ఎవరూ దొరక్కపోతే ఆయన ఇంజన్ ఆపి, పేపరు తెరిచి స్టీరింగు మీద పరుచుకుని కూర్చునేవారు.

మెకానిక్ పున్నారావు దగ్గరికి ఒకసారి నేనే తీసుకెళ్ళాను, ఏదైనా దారి చూపిస్తాడేమోనని.

“బండి కదలట్లేదా? బ్యాటరీ చూద్దాం.”

“బ్యాటరీ మొన్నేగా నువ్వు వేసింది.”

“క్లచ్ ప్లేటేమో.”

“ప్లేటు బాగుంది. నువ్వు రైటను.”

పున్నారావు నా వంక చూశాడు. నేను తలూపాను. అతను రైటన్నాడు. కారు షెడ్డులోంచి బయటికి పోయి, రోడ్డు చుట్టి వచ్చి మళ్ళీ లోపల ఆగింది. పున్నారావు చేతులు తుడుచుకుంటూ, “దీనికి సామాను బయట దొరకదండి” అన్నాడు.

జబ్బు ఒక్కటే అన్నాను గానీ దానికి పిల్లలు చాలా ఉన్నాయి. వేమూరు దారిలో బస్సు స్టాపు కనపడితే చాలు, మనిషున్నా లేకపోయినా కారు ఆగుతుంది. ఉన్నవాళ్ళు ఎక్కుతారు. ఆయన ఎక్కించుకుంటారు. వెనక సీట్లో ముగ్గురే ఉన్నా, “ముందుకి జరగండి, ముందుకి జరగండి, ఆడవాళ్ళకి చోటివ్వండి” అంటారు. దిగేటప్పుడు ఎవరైనా చార్జీ ఇవ్వబోతే చేతులు రెండూ పైకెత్తేస్తారు. “డ్రైవరు డబ్బు ముట్టుకోకూడదు.” రివర్సు చెయ్యాలంటే వెనక ఒకరు నిలబడి డిక్కీ మీద చరుస్తూ “రానీ, రానీ” అనాలి. ఒకసారి బాపట్లలో పెళ్ళికి పోతే, కల్యాణమండపం వెనక పెళ్ళికొడుకు మేనమామ చేత ఆ పని చేయించారు. ఆయన పట్టుపంచె మీద పొగ పడింది.

కారున్న మనిషి కనపడితే కారున్న ఇంకో మనిషి అడిగే ప్రశ్న ఒకటుంది. అది ఆయన్నీ అడిగేవారు.

“ఎంతిస్తుందండీ బండి?”

“సూర్యకుమారి ఉన్నప్పుడు బాగానే ఇచ్చేది.”

సూర్యకుమారిగారు ఆయన భార్య. కారు కొన్న ఏడాదే పోయారు. ఎడమ సీటు ఆవిడదే. నేను ఆవిణ్ణి చూడలేదు. “రైట్” అనేటప్పుడు ఆవిడ నోటికి కొంగడ్డం పెట్టుకుని సిగ్గుపడేదని చంద్రకళ చెప్పింది. ఆవిడ పోయాక ఆయన కారు తియ్యని రోజు లేదు. ఒకరోజు రేపల్లె, ఒకరోజు బాపట్ల, పాత డ్యూటీ చార్టు లెక్కన. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేవారు.

“రేపల్లె వెళ్ళి ఏం చేస్తారండి?” అని అడిగాను.

“టీ తాగుతాను.”

“టీ ఇక్కడ దొరకదా?”

“దొరుకుద్ది. ఇక్కడ తాగితే ఆ తర్వాత పనుండదు మాస్టారూ. అక్కడైతే తాగినాక తిరిగి రావాల్సిన పనుంటది.”

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు గనక నేనూ మానేశాను.

అంతవరకూ ఈ కథ నేను ఎవరికి చెప్పినా హాయిగా నవ్వేవారు. నాకే ఒకరోజు అందులో మెలిక పడింది. పరీక్ష పేపర్లు దిద్దడానికి బాపట్ల వెళ్ళాను. బస్టాండు దగ్గర్లో పెట్రోలు బంకులో తెల్ల కారు కనపడింది. బసవేశ్వరరావుగారు ఒక్కరే ఉన్నారు. డీజిల్ పట్టించుకుని, మూత తనే బిగించుకుని ఎక్కారు. పలకరిద్దామని రోడ్డు దాటబోయాను. ఇక ఎవరినో పిలిచి రైటనమంటారు, ఆ అనేదేదో నేనే అంటే పోతుందని నా ఉద్దేశం. నేను సగం రోడ్డు దాటేలోపు కారు తనంతట తను వెనక్కి పోయి, సన్నగా మలుపు తిరిగి, వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున గేటు ముందు కారు ఆగింది. “మాస్టారూ, ఒక్క రైట్.”

చెప్పాను. అడగడానికి నోరు రాలేదు.

తర్వాత నెల తిరక్కుండా బల్ల విరిగింది. చంద్రకళ కొట్టు ముందు ఎడమవైపు వేసి ఉండే బల్ల. దాని మీది మనిషి చెయ్యి కడుక్కోవడానికి లేచి ఉండబట్టి సరిపోయింది. లేకపోతే కాలు విరిగేది.

“అంత బల్ల కనపళ్ళేదా బాబాయ్ గారూ?”

“నువ్వు రైటన్నావు గదమ్మా.”

“నేను దోసెని చూస్తూ అన్నాను.”

ఆయన కారు దిగి విరిగిన బల్ల కాలు పట్టుకుని చాలాసేపు చూశారు. సాయంత్రం నాతో కంటి డాక్టరు దగ్గరికి వచ్చారు. ఎడమ కంటి నరం దెబ్బతిందని, పోయిన చూపు తిరిగి రాదని, ఇక స్టీరింగు పట్టొద్దని డాక్టరు చెప్పాడు.

“ఎడమవైపు చూసుకునేది నేను కాదండి” అన్నారు బసవేశ్వరరావుగారు. “కండక్టరు.”

డాక్టరు నవ్వలేదు. “కండక్టర్ని పెట్టుకున్నా సరే, మీరు నడపకూడదు” అన్నాడు.

కబురు వీధంతా పాకింది. పున్నారావు వచ్చాడు. “నాకే ఇచ్చెయ్యండి బాబాయ్. మంచి చేతుల్లో ఉంటది. గురువారం వచ్చి తీసుకెళ్తా.”

“బుధవారం ఒక్కటి గడవనీ” అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి, “మాస్టారూ, మీకు నడపడం వచ్చుగదా. బుధవారం సెలవు పెట్టండి. భట్టిప్రోలు పోయొద్దాం” అన్నారు.

నాకు నడపడం వచ్చు గానీ, ఆయన వెనక కూర్చుని ఉండగా నడపడం రాదని ఆరోజు తెలిసింది. ఎడమ సీటు ఖాళీగా పెట్టించి వెనక కూర్చున్నారు. అద్దంలోంచి చెయ్యి బయటికి పెట్టి తలుపు మీద రెండు దెబ్బలు వేసి, “రైట్” అన్నారు. వేమూరు దాకా ప్రతి స్టాపులోనూ ఆపించారు. వేమూరు దాటాక కాలవ పక్కన రోడ్డు ఖాళీగా ఉంటే అడిగేశాను.

“మిమ్మల్ని బాపట్ల బంకులో చూశానండి.”

“ఎప్పుడు?”

“మీ పక్కన ఎవరూ లేనప్పుడు.”

ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయింది.

“జానీకి చెప్పబాకండి” అన్నారు.

జానీ బాషా ఆయనతో ఇరవై ఏళ్ళు చేసిన కండక్టరు. రిటైరయ్యాక భట్టిప్రోల్లో ఉంటున్నాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. నడిపించమని డాక్టర్లు చెప్పారు. అతను మంచం దిగలేదు. ఎవరొచ్చినా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

“నేను పోయి మంచం పక్కన కూర్చున్నా. మంచిమాటలన్నీ చెప్పా. తిరగలా. ఇంక ఏం చెప్పాలో తెలీక, సూర్యకుమారితో సరదాకి ఆడిన ఆటనే జబ్బు చేసి, ‘రేయ్ జానీ, నాకో జబ్బొచ్చింది, నీ గొంతు ఇనపడకపోతే కాలు లేవట్లా, కారు ఇంటి ముందు ఎండకి ఎండిపోతంది’ అన్నా. అప్పుడు ఇటు తిరిగాడు మాస్టారూ. తిరిగి, ‘నీకు మొదట్నించీ కాళ్ళే గాని బుర్ర లేదు’ అన్నాడు. చొక్కా తొడిగించుకుని బయటికొచ్చాడు. అప్పట్నించీ ప్రతి బుధవారం రేపల్లె దాకా తిప్పుతన్నా.”

“అది భట్టిప్రోల్లో సరేనండి. తెనాల్లో మా అందరిచేతా ఎందుకు అనిపించారు?”

“వాడు కండక్టరండీ. టిక్కెట్టు లేనోణ్ణి మొహం చూసి పట్టేస్తాడు. చంద్రకళ కొట్టుకి ఫోన్ చేసి ఆరా తీస్తాడు, ఇవాళ బసవయ్య కదిలాడా, రైటెవరన్నారు అని. బాపట్ల బంకులో అయితే వాడికి కబురు చేరేసేవాళ్ళు లేరు.”

భట్టిప్రోల్లో ఇల్లు రోడ్డు మీదే. జానీ బాషా భార్య ఇమాం బీగారు గుమ్మంలోనే ఉంది. “రా అన్నయ్యా, ఆయన అప్పుడే బొత్తాలు పెట్టించుకుని కూర్చున్నాడు” అంది. బసవేశ్వరరావుగారు లోపలికి పోయారు. లోపల్నుంచి తిట్లు వినపడ్డాయి. ఇంత ఆలస్యం చేస్తే పాసింజర్లు ఆటో ఎక్కి పోతారని జానీ బాషా అంటున్నాడు.

ఇమాం బీగారు నాకు వరండాలో కుర్చీ వేసి టీ ఇచ్చింది. గొంతు తగ్గించి, “అన్నయ్య కన్ను ఎట్టా ఉంది బాబూ?” అంది.

“మీకెట్లా తెలిసిందండి?”

“చంద్రకళ చెప్పింది, ఫోన్లో. బల్ల సంగతి కూడా చెప్పింది.”

“జానీ బాషాగారికి తెలుసా?”

“ఫోన్ చేసేదే ఆయనైతే తెలీకపోవడమేంటి.”

నేను తడబడుతూ, రైట్ ఎవరన్నారో కనుక్కోవడానికే గదా ఆ ఫోన్లు అన్నాను. ఆమె కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.

“అదొక వంక బాబూ. మనిషి లేచాడా, బయటికొచ్చాడా, ఇంటికి చేరాడా, అది కావాలి ఈయనకి. అన్నయ్యకి రైట్ అక్కర్లేదని ఈయనకి తెలీదా? బస్సు నిండా జనముండి, టిక్కెట్లు కొట్టడంలో ఈయన రైట్ చెప్పడం మర్చిపోతే, అన్నయ్య అది వినకుండానే బండి తీసుకుపోయిన రోజులెన్ని లేవు.”

“మరి తెలిసి ఎందుకు ఊరుకున్నారు?”

“వదిన పోయాక అన్నయ్య ఆ ఇంట్లో ఒక్కడే గదా. రమ్మంటే రాడు, మొగమాటం. జబ్బన్నాడు. సరే, జబ్బేనన్నాడు ఈయన. ‘బసవయ్యకి మనిషి కావాలి, చొక్కా తే’ అన్నాడు నాతో. మంచం దిగింది అందుకే.” ఆమె లోపలికి ఒకసారి చూసి మళ్ళీ అంది. “ఆ కారు లేకపోతే ఈయన గడప దాటడు. బస్సు మాటెత్తనివ్వడు. ఈ రూట్లో అందరూ ఈయన్ని ఎరిగినోళ్ళే. చెయ్యి ఇట్టా వేలాడేసుకుని వాళ్ళ మధ్య కూర్చోలేనంటాడు.”

జానీ బాషా చేతికర్ర పట్టుకుని బయటికొచ్చాడు. పొడుగు మనిషి. నన్ను ఎగాదిగా చూసి, “డ్రైవరు మారాడేంటి?” అన్నాడు.

“నాకు నడుం పట్టింది” అన్నారు బసవేశ్వరరావుగారు.

“పట్టుద్ది, పట్టుద్ది” అన్నాడు జానీ బాషా. కారు చుట్టూ తిరిగి, సొట్టపడిన ఎడమవైపు బంపరు దగ్గర కాసేపు ఆగి, ఎడమ సీట్లో కూర్చున్నాడు. “రైట్” అన్నాడు. ఆ గొంతుకి రోడ్డు పక్కన మేస్తున్న మేక తలెత్తింది.

రేపల్లె దాకా ఇద్దరూ నన్ను నంజుకు తిన్నారు. గేరు ముందే మార్చానని ఒకరు, ఆలస్యంగా మార్చానని ఒకరు. గేదె అడ్డమొస్తే ఇద్దరూ ఒక్కసారే “హోల్డాన్” అని అరిచారు. అక్కడ టీ తాగాం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం జానీ బాషా అద్దంలోంచి ఎడమవైపు చేలు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటి ముందు కారు ఆపాను. ఇమాం బీగారు గుమ్మంలోకి వచ్చింది. ఎవరూ దిగలేదు.

“జానీ” అన్నారు వెనకనుంచి బసవేశ్వరరావుగారు. “వచ్చే వారం నుంచి నాకు కాస్త...”

“తెలుసు” అన్నాడు జానీ బాషా. కర్ర బయటపెట్టి, ఎడమ చేత్తో తలుపు పట్టుకుని మెల్లగా దిగి నిలబడ్డాడు. “ఆ మెకానిక్ అడుగుతున్నాడంటగా, కారు ఇచ్చెయ్యి. వచ్చే బుధవారం పొద్దున బస్సుకి నేనే తెనాలి వస్తన్నా. అన్నం వండి ఉంచు.”