డాక్టరు గారి ఆకుపచ్చ కారు

నెవిల్ రెల్ఫ్ జీవితమంతా ఇంకొకరి సరుకు మోసే బండ్లే నడిపాడు. మొదట వర్కింగ్టన్ రేవులో చేపల వ్యాను, తర్వాత పాల లారీ, ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా బేకరీ వాళ్ళ రొట్టెల వ్యాను. హేజెల్‌ని పెళ్ళి చేసుకున్నది చేపల వ్యాను రోజుల్లో. "ఆ కంపు భరించి కూడా చేసుకున్నానంటే నాకు మతి ఉండే చేసుకున్నానా?" అని ఆవిడ నలుగురిలో నవ్వించేది. అతనూ నవ్వేవాడు.

సొంత కార్లు లేకపోలేదు. అన్నీ హేజెల్ తమ్ముడు గోర్డన్ చూసిపెట్టినవే. గోర్డన్‌కి రేవు వెనక మెకానిక్ షెడ్డు ఉంది. ఎవరో వదిలించుకుందామనుకున్న కారుని తక్కువకు పట్టుకొచ్చి, "ఇది ఇంకో నాలుగేళ్ళు లాగుతుంది, తీసుకో" అనేవాడు. నెవిల్ తీసుకునేవాడు. వాటి రంగు అతను ఎంచుకున్నది కాదు, సైజు అతను ఎంచుకున్నది కాదు. ఒకదాని వెనక సీటులో పాత యజమాని కుక్క వెంట్రుకలు చివరిదాకా వదల్లేదు.

పిల్లలిద్దరూ పెద్దవాళ్ళై వేరే ఊళ్ళలో స్థిరపడ్డాక, యాభై నాలుగో ఏట, నెవిల్ మొదటిసారి తనకంటూ ఒక కారు కావాలనుకున్నాడు.

దానికి కారణం లోర్టన్ పల్లెలోని కొట్టు. ప్రతి గురువారం అక్కడ రొట్టెలు దించుతాడు. ఆ రోజు తలుపు పక్క బోర్డు మీద ఒక చీటీ అంటించి ఉంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పద్నాలుగేళ్ళది, ఒకరి చేతిలోనే ఉన్నది, అమ్మబడును. కింద డాక్టర్ ఆర్మిస్టెడ్ పేరు. ఆయన పశువుల డాక్టరు. ఆ కొండల్లో ఆయన చెయ్యి పడకుండా పుట్టిన దూడ లేదని చెప్పుకునేవారు. ఇప్పుడు పని మానేసి ఒంటరిగా ఉంటున్నాడు.

కొట్టు నుంచి నేరుగా ఆయన ఇంటికే వెళ్ళాడు నెవిల్. కారు కొట్టంలో దుప్పటి కింద ఉంది. ముదురు ఆకుపచ్చ రంగు, వెనక్కి మడిచే గుడ్డ టాపు. డాక్టరు దుప్పటి తీసి పక్కన నిలబడ్డాడు.

"కళ్ళు పోతున్నాయి బాబూ. ఇంక స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. నువ్వు ఎక్కు, నేను పక్కన కూర్చుంటా."

వాళ్ళు చెరువు ఒడ్డున ఉన్న రోడ్డు మీదుగా హోనిస్టర్ కనుమ ఎక్కారు. రొట్టెల వ్యానులో ఆ ఎత్తు ఎక్కాలంటే నెవిల్ మెడ నరాలు బిగుసుకునేవి. వెనక ట్రేలు జారతాయని ప్రతి మలుపులో ఊపిరి బిగబట్టుకునేవాడు. ఈ కారు అతని చెయ్యి ఎటు తిరిగితే అటు తిరిగింది. చల్లగాలి నెత్తిన కొట్టింది. కొండమీద ఆపినప్పుడు, తను దారంతా నవ్వుతూనే వచ్చానని బుగ్గల నొప్పిని బట్టి తెలిసింది.

"నువ్వు బాగా నడిపావు. గేరుని బలవంతపెట్టలేదు" అన్నాడు డాక్టరు. "ఎక్కువ ఇచ్చేవాళ్ళున్నారు. అమ్ముకునేవాళ్ళ చేతిలో పెట్టడం నాకిష్టం లేదు. నీకు కావాలంటే రెండు వారాలు ఆగుతాను."

అడిగింది రెండు వేల రెండు వందల పౌండ్లు. బేకరీ వాళ్ళు పాత పనివాళ్ళకి ఇచ్చిన బహుమానం డబ్బు అప్పటికి ముట్టుకోకుండా ఉంది. దానికి కొంచెం కలిపితే సరిపోతుంది. అయితే ఇంటి కప్పు వానకి కారుతోంది. పై గదిలో బకెట్టు పెట్టి నెల దాటింది.

ఆ సాయంత్రం హేజెల్‌తో చెప్పాడు. ఆవిడ స్కూలు వంటగదిలో పనిచేసి వచ్చి, స్టూలు మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

"రెండు సీట్లా? సంచులెక్కడ పెడతాం?"

"ఆ కారు సంచుల కోసం కాదు హేజెల్."

"మరి దేనికోసం?"

అతను గాలిలో స్టీరింగు తిప్పి చూపించి నవ్వాడు. హేజెల్ అతని ముఖం కేసి చూసింది. పదిహేనేళ్ళ క్రితం ఒకసారి ఆ ముఖం ఇలాగే వెలిగింది. స్నేహితుడి మాట నమ్మి చేపల పడవలో వాటా కొన్నప్పుడు. ఆ చలికాలమే పడవ మునిగింది, బీమా కట్టనే లేదని ఆ తర్వాత బయటపడింది. ఆ పైన రెండేళ్ళు వాళ్ళింట్లో ఆదివారం కూడా మాంసం వండలేదు. హేజెల్ వంటగది పనికి వెళ్ళడం మొదలుపెట్టింది అప్పుడే. పడవ మాట ఆవిడ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. అందుకు నెవిల్ లోలోపల ఆవిడకి ఋణపడి ఉన్నాననుకునేవాడు.

"గోర్డన్‌కి చూపించు. వాడు సరేనంటే నాకేం అభ్యంతరం లేదు" అంది హేజెల్ చివరికి.

అతను లేచి ఆవిడ నుదుటిన ముద్దు పెట్టాడు. "ఛీ, పో, పిండి అంటుతుంది" అంటూ ఆవిడ తోసేసింది.

శనివారం గోర్డన్ వచ్చాడు. జాకీ పెట్టి కారు లేపి, టార్చి పట్టుకుని కిందకి దూరాడు. స్క్రూడ్రైవరుతో అక్కడా ఇక్కడా పొడిచాడు. డాక్టరు టీ చేయడానికి లోపలికి వెళ్ళినప్పుడు బయటికొచ్చి పెదవి విరిచాడు.

"పైన పట్టుచీర, కింద చిరుగులు. ఛాసిస్ మొత్తం తుప్పు, గురూ. వచ్చే ఏడు ఫిట్‌నెస్‌కి తీసుకెళ్తే నవ్వి పంపిస్తారు. దీన్ని బాగుచేయించే డబ్బుతో ఇంకో కారు వస్తుంది."

"నడిపితే ఏమీ తెలియలేదే?"

"నడిపితే ఏం తెలుస్తుంది? నీకు రొట్టెల సంగతి తెలుసు, నాకు ఇనుము సంగతి తెలుసు. నీ డబ్బు, నీ ఇష్టం. నేనైతే చేత్తో కూడా ముట్టుకోను."

నెవిల్ ఆకుపచ్చ బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఆ ముసలాయనకి వద్దని చెప్పడం ఎలాగో తెలియలేదు. అది కనిపెట్టినట్టు గోర్డన్ భుజం తట్టాడు. "నువ్వు ఇంటికి పో. ఆయనతో నేను మాట్లాడతాలే. నీది మెత్తటి గుండె, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సంతకం పెట్టేస్తావ్."

ఆ మాటకి కృతజ్ఞతగా, ఆ సాయంత్రం గోర్డన్‌కి బీరు కూడా పోయించాడు నెవిల్.

ఆ తర్వాతి వారం అతనికి వేరే దారి వేశారు. పై గురువారం లోర్టన్ కొట్టులో ట్రేలు దించుతుంటే డాక్టరు లోపలికొచ్చాడు. కొట్టావిడ ఆయన రొట్టె కాగితంలో చుడుతోంది. ఆయన నెవిల్ గొంతు గుర్తుపట్టి చెయ్యి చాచాడు.

"ఎలా పరిగెడుతోంది బాబూ? టాపు ఎడమ పక్క కొంచెం పట్టేస్తుంది, చెప్పడం మర్చిపోయాను. మెల్లిగా లాగు."

నెవిల్‌కి మొదట అర్థం కాలేదు.

"మీ బావమరిది చెప్పాడు, నీకు సెలవు దొరకలేదని. నీ తరఫున వచ్చి తీసుకెళ్ళాడుగా సోమవారం. ఇంటి కప్పు కారుతోందని కూడా చెప్పాడు. అందుకే రెండొందలు తగ్గించాను. ఆ సంగతి నీకు చెప్పాడా లేదా?"

నెవిల్ చేతిలో ట్రే ఉంది. దాన్ని కింద పెట్టాడు. కొట్టావిడ నవ్వుతూ అతనికేసి చూస్తోంది.

"చెప్పాడు డాక్టరు గారూ" అన్నాడు. "బాగా పరిగెడుతోంది."

మిగతా ఊళ్ళలో రొట్టెలు ఎలా దించాడో అతనికే తెలియదు. పని అయ్యాక నేరుగా షెడ్డుకి వెళ్ళాడు. కారు లోపలే ఉంది, కడిగి ఆరబెట్టి ఉంది. గోర్డన్ తల తిప్పుకోలేదు, సిగ్గుపడలేదు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఛాసిస్ తుప్పన్నావ్."

"అన్నాను."

"ఉందా?"

"లేదు. కడిగిన కంచంలా ఉంది." గుడ్డ పక్కకి విసిరి అన్నాడు, "నన్ను అలా చూడకు నెవిల్. వెళ్ళి మీ ఆవిణ్ణి అడుగు. 'కారు బాగున్నా సరే, బాగాలేదని చెప్పు, నీ మాటైతే వింటాడు' అంది. చెప్పాను. ఎలాగూ నీకు రాదని తేలిపోయాక, అంత మంచి బండిని దారినపోయేవాడు ఎవడో ఎత్తుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలా? నీ నోటి దగ్గరది నేను లాక్కోలేదు."

"నా పేరు చెప్పి తీసుకున్నావ్. నా ఇంటి కప్పు చెప్పి బేరమాడావ్."

"ముసలాయన నీకైతేనే ఇస్తానన్నాడు. నేనేం చెయ్యను?"

నెవిల్‌కి కొట్టాలనిపించింది. జీవితంలో ఎవర్నీ కొట్టినవాడు కాదు. తిరిగి వచ్చేశాడు.

హేజెల్ బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. అతను చెప్పింది విని ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. "కొన్నాడా? వాడు కొన్నాడా? వద్దని చెప్పమన్నాను గానీ కొనుక్కోమన్నానా దొంగవెధవని!"

"అంటే చెప్పమన్న మాట నిజమే."

ఆవిడ మళ్ళీ దుంప తొక్క తీయడం మొదలుపెట్టింది.

"నాతో అనొచ్చుగా వద్దని. ఎదురుగా."

"పడవప్పుడు అన్నాను" అంది హేజెల్. ఆ మాట వాళ్ళింట్లో పదిహేనేళ్ళ తర్వాత వినబడింది. "కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఏమన్నావ్? నీది పిరికి పుట్టుక అన్నావ్. మళ్ళీ ఆ మాట పడే ఓపిక నాకు లేదు. మంచం పక్కన బకెట్టు పెట్టుకుని పడుకుంటున్నాం నెవిల్."

"ఈసారి వినేవాణ్ణి."

"ఏమో" అంది ఆవిడ. "నాకు నమ్మకం లేకపోయింది."

తను నిజంగా వినేవాడా అని అతను తర్వాత చాలాసార్లు ఆలోచించాడు. జవాబు ఒక్కో రోజు ఒక్కోలా వచ్చేది. రెండు రోజులకి గోర్డన్ తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టి, తను కొన్న ధరకే ఇస్తానన్నాడు. హేజెల్ కూడా తీసుకోమంది, బతిమాలింది. "ఇప్పుడొద్దు" అన్నాడు నెవిల్. ఆ డబ్బుతో కప్పు వేయించాడు. పైన పలకలకి మేకులు దిగ్గొడుతున్న చప్పుడు వింటూ, భార్యాభర్తలిద్దరూ కింద టీ తాగారు. ఇల్లు కారడం ఆగింది. ఇద్దరి మధ్య మాటలు కూడా అవసరానికి మించి లేకుండా పోయాయి.

లోర్టన్‌లో మాత్రం ఆ కారు అతనిదే. గురువారం వచ్చిందంటే డాక్టరు కొట్టులో కాచుకుని ఉండేవాడు. "ఈ వారం ఎక్కడికి?" అని అడిగేవాడు. మొదటిసారి నెవిల్ తడబడ్డాడు. తర్వాత అలవాటైంది. బటర్‌మియర్ చెరువు దాకా వెళ్ళామని, హేజెల్ తలకి రుమాలు కట్టుకుందని, తిరిగొస్తుంటే వాన పట్టుకుందని చెప్పేవాడు. ముసలాయన మూసిన కళ్ళతో వినేవాడు, ఏ మలుపులో ఏ గేరు వేశావని అడిగేవాడు. చెప్పేటప్పుడు నెవిల్‌కి బాగానే ఉండేది. వ్యాను ఎక్కగానే అది పోయేది.

వసంతం వచ్చాక ఒక గురువారం డాక్టరు అతని చెయ్యి పట్టుకున్నాడు. "నన్నొకసారి హోనిస్టర్ దాకా తీసుకెళ్తావా బాబూ? చూపు పూర్తిగా పోయింది. చెవులున్నాయిగా, ఇంజను వింటూ కూర్చుంటాను."

"ఆదివారం తీసుకెళ్తాను" అన్నాడు నెవిల్.

అన్ని నెలల తర్వాత షెడ్డు గడప తొక్కాడు. ఆదివారం ఒక్క పూట కారు కావాలని అడిగాడు. ఆ మాట అడగడానికి దారిలో ఎన్నిసార్లు వెనక్కి తిరిగాడో గోర్డన్‌కి తెలియదు.

"పోయిన నెలే అమ్మేశా గురూ. కార్లైల్ ఊరివాడు ఎవడో మూడు వేల ఎనిమిది వందలు పెట్టి ఎగరేసుకుపోయాడు." గోర్డన్ జేబులోంచి కొన్ని నోట్లు తీశాడు. "ఇదిగో, ఇది ఉంచు. పాత సంగతులు మర్చిపోదాం."

నెవిల్ ఆ నోట్ల వైపు చూడకుండా బయటికి నడిచాడు.

డాక్టరుకి నిజం చెప్పొచ్చు. చెప్పాలనే ఆ ఆదివారం పొద్దున వెళ్ళాడు. ముసలాయన కోటు, మఫ్లరు వేసుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నెవిల్ వచ్చిన పాత కారు చప్పుడు విని ఆయన ముఖం మారింది. ఆ గేటు దగ్గర నిలబడి, నా పెళ్ళాం, నా బావమరిది కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు, ఇన్నాళ్ళూ మీకు చెప్పినవన్నీ కట్టుకథలు అని చెప్పడానికి నెవిల్‌కి నోరు రాలేదు.

"అమ్మేశాను డాక్టరు గారూ" అన్నాడు.

"అమ్మేశావా? ఎందుకు?"

"మంచి ధర వచ్చింది."

"ఎంత?"

నెవిల్ గోర్డన్‌కి వచ్చిన మొత్తమే చెప్పాడు. డాక్టరు మఫ్లరు ముడి విప్పుకున్నాడు.

"నీకంటే ఎక్కువ ఇస్తానన్నవాళ్ళని తిప్పి పంపాను" అన్నాడు. "కప్పు కారుతోందంటే జాలిపడి రెండొందలు తగ్గించాను. నువ్వూ వ్యాపారస్తుడివేనన్నమాట." తడుముకుంటూ తిరిగి, తలుపు వెతుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. నెవిల్ సాయం చెయ్యబోతే మోచెయ్యి విదిల్చుకున్నాడు.

ఇంటికొచ్చాక హేజెల్, "పెద్దాయన ఎలా ఉన్నాడు?" అని అడిగింది. బాగానే ఉన్నాడన్నాడు.

గురువారం కొట్టులో ఆయన కనిపించలేదు. పై గురువారమూ లేడు. మూడోవారం నెవిల్ ఉండబట్టలేక అడిగాడు. కొట్టావిడ డబ్బా సర్దుకుంటూ, అతని వైపు చూడకుండా చెప్పింది. "ఒంట్లో బాగానే ఉంది ఆయనకి. ఇప్పుడు గురువారం మానేసి శుక్రవారం వస్తున్నాడు. తాజాది కాకపోయినా ఫరవాలేదు, ముందురోజు మిగిలిన రొట్టె ఇమ్మంటున్నాడు."