చదవని మూడో పేజీ

మునిరత్నమ్మ ఆ పేజీ చదవలేదు. రెండో పేజీ అయ్యాక ఒక్క క్షణం ఆగి, మూడోదాన్ని అడుగుకు నెట్టి, నాలుగో పేజీలోని నాలుగు ముక్కలు చదివి వేదిక దిగింది. మరునాడు మా పత్రికలో ఆ మూడో పేజీలోని మాటలే, ఆమె అన్నట్టుగా, పెద్ద శీర్షికతో అచ్చయ్యాయి. రాసింది నేను.

అప్పటికి నేను హోసూరు విలేకరిని. ఉద్యోగ విరమణకు ఏడాదిన్నర ఉంది. కృష్ణగిరి జిల్లా వార్తలకు మా పత్రికలో ఒక పేజీ ఉండేది, దాన్ని మధ్యాహ్నం మూడింటికే మూసేవారు. కెలమంగలం దగ్గర నూలుకు రంగులద్దే ఫ్యాక్టరీ ఒకటి విస్తరణకు దరఖాస్తు పెట్టుకుంది. అలాంటప్పుడు ఊళ్లవాళ్ల అభిప్రాయం బహిరంగంగా వినాలి. అధికారులు వేదిక మీద కూర్చుంటారు, మాట్లాడిన ప్రతి మాటనూ వీడియో తీస్తారు, మినిట్స్ రాస్తారు. ఆ సభ ఒక కల్యాణ మండపంలో పెట్టారు.

ఊరి తరఫున మాట్లాడవలసింది మునిరత్నమ్మ. అరెకరంలో మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచే మనిషి. చూడకుండా మాట్లాడితే తడబడతానని ప్రసంగం రాయించుకుంది. రాసిచ్చింది రిటైరైన బడి మాస్టారు తిమ్మరాయప్ప. మాటలు తెలుగువి, అక్షరాలు తమిళానివి. ఆ పక్క మన భాషవాళ్లు చాలామంది అలాగే రాసుకుంటారు, చదువుకున్నది తమిళ బళ్లలో కాబట్టి. మాస్టారు పొద్దున్నే నాకొక జిరాక్సు ఇచ్చారు.

ముందుగా చేతికొచ్చిన ప్రసంగ ప్రతితో వార్త రాసుకోవడం మా వృత్తిలో మామూలే. దానికొక నియమం ఉంది. మనిషి మాట్లాడుతున్నప్పుడు ప్రతి పేరా పక్కన టిక్కు పెట్టాలి, టిక్కు లేనిది వార్తలోకి పోకూడదు. ఆ రోజు సభ రెండు గంటలు ఆలస్యమైంది. మండపంలో సిగ్నల్ లేదు. ఆమె మైకు ముందుకు వచ్చేసరికి రెండున్నర దాటింది. మొదటి పేజీకి టిక్కులు పెట్టి, జిరాక్సు చూసి ముందే రాసుకున్న వార్త పంపడానికి రోడ్డు మీదికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె కాగితాలు మడుస్తోంది. పక్క కుర్చీలో ఉన్న రైతును, అంతా చదివిందా అని అడిగాను.

“సదివినాదప్పా, గడగడా సదివినాది. మంత్రులు గూడా ఇట్ల సదవరు” అన్నాడు.

నాకు అది చాలిపోయింది. పంపిన వార్తను అలాగే ఉంచాను.

మూడో పేజీలో ఉన్నది ఇదీ: తెల్లవారకముందే ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర తూము తెరిచి రంగునీళ్లు కాలువలోకి వదులుతున్నారు, ఆ నీళ్లు పారిన మల్బరీ ఆకు తిని పురుగులు చచ్చిపోతున్నాయి. వార్తలో అదే ముఖ్యం అనుకున్నాను. నిజంగానూ అదే ముఖ్యం.

మరునాడు మధ్యాహ్నం మునిరత్నమ్మ హోసూరులోని మా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నేను సదివితినా అప్పా? ఆ మాట నేను సదివితినా?”

కాగితంలో ఉంది కదమ్మా అన్నాను.

“కాగితంలో ఉంటే అన్నట్టేనా? ఎదురుగా మేనేజరు కూసోనుండె. చూసి ఇడిసిపెట్టినాను. సదవకుండా ఇడిసినదాన్ని నువ్వు యాడనుంచి ఎత్తుకొస్తివి?”

అప్పుడు తెలిసింది. ఆమె భర్త ఎల్లప్ప ఆ వెనక గేటుకే వాచ్‌మన్. ఆ వేళకు అక్కడ ఉండేది అతనొక్కడే.

“పొద్దున గేటు కాడే నిలబెట్టి, రేపట్నుంచి రావద్దు అన్నారు. ఇంకెవురు చెప్పుంటారు అని అడిగినారంట. ఆయప్ప ఏం చెప్తాడు?” ఆ రోజు పత్రిక నా ముందు పెట్టి, “నేను అనలేదని రాయి. పని మళ్లా ఇస్తారేమో” అంది.

సాయంత్రం మాస్టారు ఫోను చేశారు. “సవరణ ఎయ్యొద్దప్పా. ఆ మాట లోకంలో ఒక్క చోటే ఉండాది, నీ పేపర్లో. దాన్నీ తుడిచేస్తివంటే ఊరికి ఇంకేం మిగల్తాది?”

ఇద్దరి మాటా సబబే. మర్నాడు అధికారులను అడిగి వీడియో చూశాను. ఆమె ఆగిన చోటు, పేజీ అడుగుకు పోవడం స్పష్టంగా ఉన్నాయి. అననిదాన్ని అన్నట్టు రాయడం తప్పు కాబట్టి సవరణ పంపాను. లోపలి పేజీలో మూడు లైన్లుగా వచ్చింది.

ఎల్లప్పను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. ఫ్యాక్టరీవాళ్లు ఆ మూడు లైన్లు కత్తిరించి, కాలుష్యం గురించి సభలో ఎవరూ ఫిర్యాదు చేయలేదనడానికి రుజువుగా తమ ఫైలులో పెట్టుకున్నారు. విస్తరణకు అనుమతి వచ్చింది. మునిరత్నమ్మ మల్బరీ పీకేసి రాగులు వేసింది. తర్వాత ఒకసారి కెలమంగలం బస్టాపులో కనిపిస్తే, నేను పలకరించేలోపే ముఖం తిప్పుకుంది.

టిక్కు పెట్టని పేరా పంపకూడదన్నది ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేర్చుకున్న పాఠం. దాన్ని చివరి రోజుల్లో మళ్లీ నేర్చుకున్నాను. రెండో పాఠం అప్పటిదాకా తెలియదు. ఆ మాట ఆమె చదివిందని ఒకసారి, చదవలేదని ఒకసారి రాశాను. మధ్యలో ఒక్క తెల్లవారుజామున కూడా ఆ తూము దగ్గరికి వెళ్లి చూడలేదు.

జిరాక్సు నా దగ్గరే ఉంది. ఆ నీళ్లు ఇంకా వదులుతున్నారో లేదో ఏ రికార్డులోనూ లేదు.