పదకొండో కాగితం

పోయిన మంగళవారం తాడేపల్లిగూడెంలో నేను గుమాస్తాగా ఉన్న రైసు మిల్లుకు ఏలూరు నుంచి ఒక కార్డు వచ్చింది. మా లెక్కల మాస్టారు అద్దెకున్న ఇంటి యజమానురాలు రాశారు. "మాస్టారు నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ. అక్కడ అంతమందిలో ఎలా ఉంటారో ఏమో." ఆయనను ఎరిగినవారికి ఈ బెంగ సహజమే.

మాస్టారు మనుషులకు కనబడేవారు కారు. ముప్పై అయిదేళ్ళు దాటిన తరువాత రాత్రి బడిలో చదివి నేను మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణుడనయ్యాను. అందులో గణితం పూర్తిగా ఆయన చలవే. ఆదివారాలు రైలెక్కి వెళ్ళి, వరండాలో కూర్చుని, పలకను తలుపు కిందుగా లోపలికి తోసేవాణ్ణి. దిద్దిన పలక అదే దారిన తిరిగి వచ్చేది. "మీ అయిదులు చూస్తే మీరేనని తెలుస్తుందండీ" అనేవారు. నా ముఖం చూడడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది.

ఆయన తాను కనిపెడుతున్న గణిత సిద్ధాంతాన్ని పదకొండేళ్ళుగా గది గోడల మీదనే బొగ్గుతో రాస్తూ వచ్చారు. ఏటా క్రిస్మస్‌కు ముందు సున్నాల దగ్గర ఇంటావిడతో గొడవ తప్పేది కాదు.

"ఏవండీ, ఇల్లంతా తెల్లగా ఉండి మీ గదొక్కటే పొయ్యిలా ఉంటే పాస్టరుగారు ఏమనుకుంటారండీ?"

"ఇంకొక్క గోడ ఉందమ్మా" అని తలుపు వెనుక నుంచి జవాబు.

"పోయినేడూ అదే గోడండీ!"

చివరకు ఒక ఏడు సున్నం వేయక తప్పలేదు. గోడల మీది రాతనంతా కాగితాలకు ఎక్కించే బాధ్యత నేను స్వీకరించాను. ఆయన పెరటి గదిలోకి తప్పుకోగా, మూడు రోజులు సెలవు పెట్టి, నిచ్చెన వేసుకుని, కిటికీ పైన బూజు దులిపి మరీ ఒక్క గుర్తూ వదలకుండా పదకొండు కాగితాలు నింపాను. ఆ మరునాడే సున్నం పడింది.

తరువాతి ఆదివారం తలుపు సందులోంచి ఒక కాగితం బయటకు వచ్చింది.

"ఈ పదకొండోది ఎక్కడిదండీ?"

"గోడ మీదిదేనండీ."

"నేనెప్పుడు రాశానో గుర్తు రావడం లేదు. ఇది నిజమైతే మిగతా పదీ తప్పేనండీ."

ఆ కాగితం నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య రెండేసి చుక్కలు. నిష్పత్తులని ఎవరికైనా తెలుస్తుంది. నా నకలులో పొరపాటు ఉండదని నేను గట్టిగా చెప్పాను. అది ఆయనను మరింత కుంగదీసింది. నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదట. పదకొండేళ్ళ శ్రమను పొయ్యిలో వేసేస్తానన్నారట.

ముట్టని కంచం తీసుకుపోవడానికి వచ్చిన ఇంటావిడ నా చేతిలోని కాగితాన్ని తొంగి చూశారు.

"అయ్యో, ఇది మా చర్చి క్వయిరు మాస్టారు రాసుకున్నది కదండీ! మీ మాస్టారికి ముందు ఈ గదిలో ఆయనే ఉండేవారు. పాటకి స్వరాలండీ ఇవి, డో రే మీలకి ఇంగ్లీషు అక్షరాలు."

"లెక్క కాదా అమ్మా?" అని లోపల నుంచి మాస్టారు.

"లెక్కేవిటండీ, క్రిస్మస్ పాట!" అంటూ కంచం చేతిలో ఉండగానే ఆమె పాట ఎత్తుకున్నారు.

ఆయన తన చేత్తో తలుపు పూర్తిగా తెరవడం నేను మొదటిసారి చూశాను. మాస్టారు గడపలో నిలబడ్డారు. "మీరు తప్పు రాయలేదండీ" అన్నారు నాతో. ఆ మాటను నా సర్టిఫికెట్టు పక్కన దాచుకున్నాను.

ఆమె రెండో చరణం అందుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుని, మసి అంటిన వేలితో పక్క గోడ మీద తాళం వేయసాగారు. కొత్త సున్నం మీద దెబ్బకొక నల్లని చుక్క పడుతున్నది. ఇంటావిడ అది చూస్తూనే ఉన్నారు. పాట మాత్రం ఆపలేదు.