బొమ్మ లేని ఫోను

పొద్దున్నే చేపల తట్ట ఆటోకెక్కించుకుని శ్రీకాకుళం వెళ్లడం, ఎండ ముదిరాక ఖాళీ తట్టతో తిరిగి రావడం బుల్లమ్మ బతుకు. మొగుడు సముద్రంలో పోయిన నాటి నుంచీ అంతే. ఒక్కగానొక్క కొడుకు భాస్కర్‌ని పడవెక్కనివ్వకూడదనుకుంది గాని, వాడికి వేరే పని చేతకాలేదు. ఇక్కడి వలల్లో చేప పలచబడ్డాక, ఊళ్లో కుర్రాళ్లందరిలాగే గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పోయి, అక్కడి సేటు పడవలో కుదిరాడు. వానలు తగ్గాక వెళితే మళ్లీ ఎండలకే రాక. పడవ రేవుకొచ్చినప్పుడల్లా అమ్మకు ఫోను చేసేవాడు. ఆ పిలుపు కోసమే ఆమె ఫోను కొనుక్కుని, ప్లాస్టిక్ సంచీలో చుట్టి రొంటిన దోపుకునేది.

పెద్దనోట్లు రద్దయిన మరుసటేడు, పక్కింటి నీలవేణికి ఎవడో బ్యాంకు నుంచంటూ ఫోను చేశాడు. కార్డు ఆగిపోతుందని భయపెట్టి, ఫోనుకొచ్చిన అంకెలు చెప్పించుకున్నాడు. సాయంత్రానికి ఆమె ఖాతా ఊడ్చుకుపోయింది.

ఆ దెబ్బతో బ్యాంకు వాళ్లు జగన్నాధం అనే ఉద్యోగిని ఊరికి పంపారు. దొంగలు రోజుకో వేషం మారుస్తున్నారనీ, నిన్న కార్డన్నవాడే నేడు ఆధార్ అంటాడనీ ఆయన ఆడవాళ్లందరినీ కూచోబెట్టి చెప్పాడు. బ్యాంకు కంప్యూటర్లకు ఎన్ని తాళాలు వేసినా, మీరే ఫోనులో తలుపు తీసేస్తే మేమేం చేయగలమన్నాడు. తెలియని నంబరు ఎత్తవద్దని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

అంకెలు చదవలేని వాళ్లకు తెలిసిన నంబరేదో, తెలియనిదేదో ఎలా తెలుస్తుంది? దానికి తోవ చూపింది ఎదురింటి తులసి. తొమ్మిదో తరగతితో బడి మానేసిన పిల్ల. ఊళ్లో ఆడవాళ్ల ఫోన్లు తీసుకుని, ప్రతి నంబరుకూ ఆ మనిషి ఫొటో తగిలించింది.

"బొమ్మ కనబడితే ఎత్తు అత్తా. లేకపోతే ఎంత మోగినా ఎత్తకు."

బుల్లమ్మకు అది ఎంతో నచ్చింది. భాస్కర్ ఫోను చేస్తే తెర నిండా వాడి నవ్వే. ఆ నవ్వు చూస్తూ ఎత్తడం మరిచిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

మాఘమాసంలో ఒకరోజు సంతలో బేరం మీద ఉండగా ఫోను మోగింది. బొమ్మ లేదు. ఆగి మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. కొనవచ్చినావిడ ఎవరో చూడమంది.

"బ్యాంకు దొంగెదవ. నానెత్తనమ్మా. మోగీ మోగీ ఆడే సస్తాడు," అంది బుల్లమ్మ గొప్పగా. పక్క తట్టల వాళ్లంతా నవ్వారు.

మర్నాడు గంగులు బొమ్మతో ఫోను వచ్చింది. భాస్కర్ పడవలోనే పనిచేసే చుట్టం. బుల్లమ్మ వెంటనే ఎత్తింది. భాస్కర్‌కి పడవ మీదే జ్వరం పట్టిందట. ఒడ్డుకు చేర్చేసరికే చెయ్యి దాటిపోయిందట. భాస్కర్ ఫోను నీళ్లలో పడి పాడైపోయింది. నిన్న ఆసుపత్రిలో, మందుల కోసం గంగులు బయటికెళ్లిన వేళ, పక్క మంచం మనిషినడిగి ఫోను తీసుకుని, కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు, అమ్మదే, నొక్కుతూ ఉన్నాడట. గంగులు తిరిగొచ్చేసరికి ఫోను గుండెల మీదే ఉంది, వాడు లేడు.

దినాలైపోయినా తులసి ఎదురుపడలేదు. చివరికి బుల్లమ్మే వాళ్ల గుమ్మంలోకి వెళ్లి కూచుంది.

"నీ తప్పేటున్నాది పిల్లా. కన్నకొడుకుని దొంగెదవన్నది నాను."

తులసి ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇక మోగిన ఫోనల్లా ఎత్తుతానని బుల్లమ్మ అంటే, దొంగలతో జాగ్రత్తగా ఉండమని బతిమాలింది. బుల్లమ్మ బ్యాంకు కార్డు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టేసింది. డబ్బు సంగతి నువ్వే సూసుకో, ఫోను జోలికి మాత్రం రాకు అంది.

ఇప్పుడు ఆమె బొమ్మ లేని ఫోను దేన్నీ వదలదు. మొన్న ఒకడు బ్యాంకు నుంచంటూ కార్డు ఆగిపోతుందన్నాడు. ఆమె అంతా ఓపిగ్గా వింది.

"అదలగుండనీ బాబూ. నువ్వేటి, వెరావల్ నుంచేనా?"

వాడు పెట్టేశాడు. ఆమె ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, తట్ట ముందు అలాగే కూచుంది.